చదివేవాడి మాట చెల్లదా?

నిజాంపేటలో మా ఫ్లాటు బాల్కనీలో నిలబడితే పొద్దున్నే జేఎన్‌టీయూ కూడలి వైపు కదల్లేక కదిలే క్యాబ్‌లు కనిపిస్తాయి. వాటిలో వెబ్ పేజీలు కట్టేవాళ్ళు ఎంతమందో! పదిహేనేళ్ళుగా నేనూ ఆ కూలీనే. అదే ఇంట్లో డెబ్బై నాలుగేళ్ళ మా నాన్న ల్యాప్‌టాప్ తెరకు ముక్కు ఆనించి పింఛను పేజీ చదవలేక అవస్థపడుతుంటారు.

ఆయన బ్రౌజర్‌లో అక్షరం సైజు 'చాలా పెద్దది' అని నేనే పెట్టాను. మామూలుగా 16 పిక్సెళ్ళుండేది 24 అవుతుంది. తన కళ్ళ సంగతి ఆయన ఒక్కసారి చెప్పుకున్నారు. ప్రతి పేజీ వినాలి. చదివేవాడి అక్షరం సైజును బట్టి మారే రెమ్‌లోనో, ఎమ్‌లోనో, శాతాల్లోనో కొలతలు రాసిన పేజీలు వింటాయి కూడా. ఆ పింఛను పేజీ వినదు. దాని రూపాన్ని నిర్ణయించే స్టైల్ షీట్ తెరిచి చూస్తే మొదట్లోనే 13 పిక్సెళ్ళని మేకు కొట్టి ఉంది. ఒక్క వరుస, ఆయన మాటను తుడిచేసింది.

జూమ్ ఉందిగా అంటారు మావాళ్ళు. ఉంది. దాంతో అక్షరంతోపాటు బొమ్మలూ బటన్లూ ఖాళీలూ అన్నీ ఉబ్బుతాయి, మామూలుగా ఏ సైటుకా సైటుకు విడిగా చేసుకోవాలి. ఉప్పు తక్కువ వెయ్యండమ్మా అని ఇంటి పెద్దాయన చెప్పాక, ప్రతి పూటా కంచం ముందు మళ్ళీ అడుక్కోవాలా?

ఈ మర్యాద కొత్తగా అడుగుతున్నది కాదు. 1994 అక్టోబరులో హోకోన్ వియుమ్ లీ స్టైల్ షీట్ల ప్రతిపాదన రాసినప్పుడే పేజీ రూపంలో రాసేవాడితోపాటు చదివేవాడికీ పాలు ఉండాలన్నాడు. 1996 డిసెంబరులో వెలువడిన మొదటి స్టైల్ షీట్ల (సీఎస్ఎస్) ప్రమాణంలోనే ఎమ్ ఉంది, శాతం ఉంది. 1998 మేలో రెండోది ఇంకో అడుగు వేసింది: ఇద్దరూ ఇదే ముఖ్యమని పట్టుబడితే చదివేవాడిదే నెగ్గాలంది. ఎంత పెద్ద మనసు! అదే ఏడాది నవంబరులో మన ఐటీ కేంద్రం సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అక్కణ్ణుంచి లోకమంతటికీ పేజీలు కట్టి పంపాం. ఆ పెద్ద మనసులో రవ్వంతైనా నేర్చుకున్నామా?

ఇంగ్లీషు అక్షరం 13 పిక్సెళ్ళలో ఎలాగోలా బతుకుతుంది. తెలుగు బతుకుతుందా? పైన గుడి, దానికో దీర్ఘం, కింద వత్తు. 'రాష్ట్రం' రాయాలంటే ఒక్క ష కిందే రెండు వత్తులు ఇరుక్కోవాలి. 'ద', 'ధ'ల మధ్య ఉన్నది చిన్న గీత, 'కి', 'కీ'ల మధ్య చిన్న మెలిక. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు చేసిపెట్టింది ఇలా నలిపి పారేయడానికా?

మాదాపూర్ డిజైన్ పెద్దలారా! ఇంటర్వ్యూలో రెమ్ అంటే ఏమిటో చెప్పమంటారు. కొలువిచ్చాక ఫిగ్మా డిజైన్ బొమ్మలో ఉన్న 14 పిక్సెళ్ళను వెంట్రుకవాసి తేడా లేకుండా దించమంటారు. బటన్ రంగు మీద గంటలు గంటలు చర్చిస్తారు. బ్రౌజర్ అక్షరం 24కు పెట్టి పేజీ తెరిచి చూడమని మీ టెస్టర్‌కు ఒక్కనాడైనా చెప్పారా? 14 పిక్సెళ్ళకు బదులు 0.875 రెమ్ అని రాస్తే మీ క్లయింటు కంటికి తేడా తెలియదు. మా నాన్న కంటికి తెలుస్తుంది.

ప్రభుత్వ ఐటీ శాఖ అధికారులారా! అక్షరాన్ని రెట్టింపు చేసినా పేజీ పనికిరాకుండా పోకూడదని అంతర్జాతీయ ప్రమాణాలు 2008లోనే చెప్పాయి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తేల్చింది. ఇంకెవరు చెప్పాలి? టెండరు కాగితంలో ఒక్క షరతు, చదివేవాడు పెట్టుకున్న అక్షరం సైజును మన్నించాలని, రాయడానికి మీకు చెయ్యి రాదా? ఆ పింఛను పేజీకి డబ్బు కట్టింది, మాకు అక్షరాలు దిద్దించి రిటైరైన మా నాన్నలాంటి పంతుళ్ళు కూడా కాదా?

నిన్న సాయంత్రం నాన్న భూతద్దం పట్టుకునే పిలిచారు. "ఒరేయ్, మన ఇంటిపేరులో ద పడిందో ధ పడిందో చూడు." కళ్ళజోడు తీశాను, తుడిచి పెట్టుకున్నాను, తెర మీదికి వంగాను. నాకూ కనిపించలేదు.