మాట రాని బిడ్డకు మొదటి గురువులు



పిలిస్తే పలుకడు, కళ్లలోకి చూడడు, మూడేళ్లు నిండినా అమ్మా అనడు. అటువంటి బిడ్డ ఆరాధనలో కేకలు వేస్తే అందరం వెనుదిరిగి చూస్తాం. ఎవరి పాపమో అని గొణిగేవారూ ఉంటారు. కొన్నాళ్లకు ఆ తల్లి గుడికి రావడం మానేస్తుంది.

పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులూ ఇదే అడిగారు. వాని పాపమూ కాదు, కన్నవారి పాపమూ కాదని ప్రభువు తేల్చి చెప్పాడు (యోహాను 9). ఆటిజం విషయంలో వైద్యులే ఒకప్పుడు తల్లిని నిందించారు. అది తప్పని, 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు గ్రంథం వ్రాశాడు. ఆయన కుమారునికీ ఆటిజం ఉంది. ఇది మెదడు ఎదిగే తీరులోని తేడాయే గాని పెంపకపు లోపం కాదు.

తల్లిదండ్రులు దీనికి కారణం కాదు గాని, సహాయం మాత్రం వారి చేతుల్లో ఎంతో ఉంది. స్పీచ్ థెరపీ వారానికి ఒకటి రెండు గంటలే. మిగిలిన కాలమంతా బిడ్డ మన దగ్గరే గదా! గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లలతో జరిగిన పరిశోధన 2015లో వెలువడింది. శిక్షణ పొందిన సామాన్య కార్యకర్తలు, తల్లిదండ్రులు బిడ్డతో ఆడే ఆటను వీడియో తీసి, వారికే చూపిస్తూ నేర్పారు. ఈ సహాయం పొందిన ఇళ్లలో బిడ్డలు తామే ముందుగా పలకరించడం పెరిగింది. మాటలు ఒక్కసారిగా వచ్చేశాయని కాదు. మాటకు దారి తెరుచుకుంది.

మనం చేయగలిగింది ఇది. రోజూ ఒక అరగంట బిడ్డ ఎదుట నేలమీద కూర్చుందాం. వాడు దేనిని చూస్తున్నాడో మనమూ దానినే చూద్దాం. కోడిపిల్లను చూస్తే "కోడిపిల్ల" అందాం, అంతే. "ఇదేమిటి? చెప్పు, చెప్పు" అని పరీక్ష పెట్టవద్దు. చెయ్యి పట్టి కుండ దగ్గరకు లాగితే అదీ మాటే. "నీళ్లు" అని చెప్పి ఇద్దాం. మరోసారి కొంచెమే పోసి, ఆగి, వాని ముఖం చూద్దాం. ఒక చూపు, ఒక శబ్దం వచ్చినా వెంటనే బదులిద్దాం. తండ్రులారా, ఇది తల్లి పని మాత్రమే కాదు సుమా!

అనుమానం కలిగితే ఆలస్యం చేయవద్దు. ముందుగా వినికిడి పరీక్ష చేయించండి. జిల్లా ఆసుపత్రిలో పిల్లల డాక్టరును అడగండి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలోనూ ఇటువంటి పిల్లలను పరీక్షించి, తల్లిదండ్రులకు నేర్పుతారు.

చెవుడు, నత్తి గల మనుష్యుని యేసు ప్రభువు జనసమూహములోనుండి ప్రక్కకు తీసికొనిపోయాడు. మాటకంటె ముందు ముట్టుకున్నాడు (మార్కు 7). ఆ ఓపికే మనకూ కావాలి.

ఈ నెల ప్రార్థనాంశము: గుడికి రావడం మానేసిన ఆ తల్లి. ప్రార్థించి ఊరుకోక, వచ్చే ఆదివారం ఆమె ఇంటికి వెళ్లి, బిడ్డతో సహా వెంటబెట్టుకొని వద్దాం.