వెండియు నూతినీరును

వేపాకు కషాయమును వెండి లవణద్రావణమున గలిపినచో లోహపు సూక్ష్మకణము లేర్పడునని పూనాలోని జాతీయ రసాయన పరిశోధనాలయమువారు 2004లో ప్రకటించిరి. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రజ్ఞులు 2010, 2011 సంవత్సరములలో మన కొండగుగ్గిలపు బెరడుతోనే యీ కార్యమును సాధించి, ఆ కణములు సూక్ష్మజీవులను నశింపజేయుట నిరూపించిరి. ఘాటైన రసాయనములు చేయు పనిని మన యడవిచెట్టు చేయుట గర్వకారణమే. అయితే కొండగుగ్గిలము అరుదైన చెట్టు. బెరడు వొలిచినచో నిలువదు. ఇక మీద వేప, కానుగ యాకులతో సరిపుచ్చుకొనుట మేలు.

విధానము సులభము. సిల్వరు నైట్రేటు కలిపిన నీటిలో నాకురసము పోయగా, అందలి ఫినాలు జాతి పదార్థములు వెండిని లోహరూపమునకు దెచ్చును. నీరు గోధుమవన్నె దాల్చును. కణము నూఱు నానోమీటరులకు లోపు. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షవ వంతు. కణమునుండి వెలువడు వెండి అయానులు సూక్ష్మజీవి పొరను ఛేదించి దానిని చంపును. 2009లో టాటావారు వరియూక బూడిదకు వెండికణములు పట్టించి నీటి వడపోత పాత్రను అంగళ్లకు దెచ్చిరి. కావున నిది ప్రయోగశాలలోని వినోదము మాత్రము కాదు.

కాని మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల రైతు ప్రశ్న వేఱు. ఇక్కడి బోరునీటి దోషము క్రిమి యొక్కటియే కాదు, ఫ్లోరైడు. అది లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించినచో పండ్లకు గారపట్టును; మఱింత హెచ్చిన యెముకలు బిగిసి నడుము వంగును. వెండి దీనిని తొలగింపజాలదు. క్లోరైడుతో గూడిన వెండి యడుగునకు దిగును గాని, ఫ్లోరైడుతో గూడినది నీటిలో సులభముగ గరగిపోవును. కాచినను ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొలది చిక్కబడును. వెండినీరు సర్వదోషహరమని యే వర్తకుడైన జెప్పినచో గృహస్థులు నమ్మరాదు. త్రాగునీటిలో వెండి లీటరునకు 0.1 మిల్లీగ్రాము దాటరాదని భారతీయ ప్రమాణముల సంస్థ నిర్ణయము. చిరకాలము మితిమీఱి సేవించినవాని చర్మము నీలిబూడిద రంగునకు దిరుగును.

ఫ్లోరైడునకు మందు లేకపోలేదు. పటిక, సున్నము వేసి తేర్చు నల్లగొండ పద్ధతిని నాగపురపు పరిశోధకులు ఏనాడో కనుగొనిరి. శాశ్వతమైన మార్గము మాత్రము కృష్ణాజలమే. విశ్వవిద్యాలయములవారు తమ యాకురసపు వెండిని సీసాలలో గాక మా గ్రామముల నీటి తొట్లలో పరీక్షింపవలె. ప్రతి బోరు ఫ్లోరైడు లెక్కను పంచాయతి గోడపై వ్రాయింపవలె. పూల సుబ్బయ్య వెలిగొండ పథకమునకు 1996లో శంకుస్థాపన జరిగినది. 2024 మార్చిలో సొరంగములకు ప్రారంభోత్సవ మైన నాటికిని కాలువల పనియు నిర్వాసితుల పునరావాసమును మిగిలియే యుండెను. ఆ మిగిలిన పని యెన్నడు ముగియునో, యే గ్రామమున కెప్పుడు నీరు చేరునో ప్రభుత్వమువారు తేదీలతో ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము.