పాముల రాక్ చెత్తా, సామానా?

ఇల్లు మారాలి అనుకోగానే మావారు ముందు రెండు కాగితాలు తీస్తారు. ఒకదాని మీద 'సామాను' అని రాస్తారు, రెండోదాని మీద 'చెత్త' అని. పెళ్లయిన ఈ 25 ఏళ్లలో ఎనిమిది ఇళ్లు మారాం కనక ఆ కాగితాలు నాకు అలవాటే. మొన్న మార్చిలో కొలంబస్ నుంచి డాలస్‌కి మారేటప్పుడు మాత్రం చెత్త కాగితం మీద మొదటి పేరు చూసి నా మనసు చివుక్కుమంది. 'పాముల రాక్' అని ఉంది.

కంగారు పడకండి. మావాడు పెంచేవి నాగుపాములు కావు, బాల్ పైథాన్లు. ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువలు. విషం ఉండదు, పెద్దవైనా మామూలుగా నాలుగైదు అడుగులు దాటవు. భయమేస్తే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటాయి, ఆ పేరు అందుకే వచ్చింది. నూడిల్, పికిల్, మోచా అని మూడున్నాయి మా ఇంట్లో. వారం పది రోజులకో ఎలుక చాలు. అవును, ఎలుకే. ఫ్రీజ్ చేసినవి అమ్ముతారు. వాటికోసం గరాజ్‌లో వేరే చిన్న ఫ్రీజర్ పెట్టించాకే నేను ఒప్పుకున్నాను. కార్తీక మాసంలో ఉల్లిపాయ కూడా ముట్టని మా అత్తయ్యగారికి ఆ ఫ్రీజర్లో ఏముంటుందో ఇప్పటికీ చెప్పలేదు. మీరూ చెప్పకండి.

రాక్ అంటే ఏమిటో చెప్తాను. బీరువా సొరుగుల్లాంటిదే. అరల మధ్య ప్లాస్టిక్ టబ్బులు దూరుతాయి. టబ్బులకి మూతలుండవు, పై అర చెక్కే మూత. అందుకని టబ్బు అంచుకీ చెక్కకీ మధ్య సందు ఏటీఎం కార్డు దూరేంత ఉండాలి, పెన్సిల్ దూరిందంటే ఎక్కువైనట్టే. అర వెనక భాగంలో గాడి చెక్కి అందులో హీట్ టేప్ అతికిస్తారు. పాముకి ఒంట్లో వేడి పుట్టదు కదా, బయట నుంచే తెచ్చుకోవాలి. టబ్బు వెనక వైపు 88 నుంచి 90 డిగ్రీల ఫారెన్‌హీట్, ముందు వైపు 80కి లోపు. వెచ్చగా కావాలంటే వెనక్కి పోతుంది, చల్లగా కావాలంటే ముందుకి వస్తుంది. ఆ టేప్‌కి థర్మోస్టాట్ తప్పనిసరి. లేకపోతే టేప్ కాలిపోయేంత వేడెక్కి పాము పొట్ట బొబ్బలెక్కుతుంది.

ఇదంతా నాకెలా తెలుసంటే, రెండేళ్ల కిందట వేసవి సెలవుల్లో ఆ రాక్ కట్టేటప్పుడు చెక్క రెండో చివర పట్టుకున్నది నేనే. అప్పుడు వాడికి 14 ఏళ్లు. కొనాలంటే వందల డాలర్లు, 'నీ డబ్బుతో కొనుక్కో' అన్నారు మావారు. వాడు పక్కిళ్ల గడ్డి కోసి డబ్బు కూడబెట్టి మెలమైన్ చెక్క కొన్నాడు. ముప్పావు అంగుళం మందం, నాలుగడుగులకి ఎనిమిదడుగుల షీటు దగ్గర దగ్గర వంద పౌన్లుంటుంది. దుకాణంలోనే ముక్కలు కోయించుకొచ్చాం. మొదటిసారి టబ్బు ఎత్తు తప్పు కొలిచాడు. మూతతో కలిపి కొలిచి, మూత తీసేసి దూర్చాడు. నా బొటనవేలు దూరేంత సందు! మొత్తం విప్పి మళ్లీ కట్టాడు. గాలి కోసం టబ్బులకి సోల్డరింగ్ ఐరన్‌తో వరసగా చిల్లులు పెట్టాడు. ఆ ప్లాస్టిక్ కంపు గరాజ్‌లో నాలుగు రోజులుంది. లెక్కల హోంవర్క్‌కి పది నిమిషాలు కూర్చోని పిల్లాడు అంగుళంలో పదహారో వంతులు కూడుతూ సాయంత్రాలు గడిపాడు.

అలాగని ఆ రాక్ అంటే నాకు పూర్తిగా ఇష్టమనుకోకండి. 'సొరుగులో బతకడం ఒక బతుకేనా?' అని వాణ్ణి అడిగాను. అడవిలో కూడా చెదపుట్టల్లో, ఎలుక కన్నాల్లోనే ఉంటాయమ్మా, ఇరుకుగా చీకటిగా ఉంటేనే వాటికి ధైర్యం అన్నాడు. నిజమే. కానీ రాత్రయితే అవి ఆ కన్నంలోంచి బయటికి వస్తాయి కదరా అన్నాను. వాడి దగ్గర జవాబు లేదు. రాక్ ఉన్నది మన సౌకర్యానికే, తక్కువ చోటులో ఎక్కువ పాములు పట్టడానికి. పాము ఒళ్లు చాచుకోలేని పెట్టెలో ఉంచడం నాకిప్పటికీ తప్పనే అనిపిస్తుంది. ఆ తర్వాత కొన్నాళ్లకి వాడే పెద్దదైన నూడిల్‌కి నాలుగడుగుల గూడు వేరే అమర్చాడు. నేను చెప్పాననా, వాడికే తోచిందా, అడగలేదు.

సరే, చెత్త కాగితం దగ్గరికి వద్దాం. మావారి వాదనలో తప్పేం లేదు. ఇంత దూరం మారితే సామాను తీసుకెళ్లేవాళ్లు బరువుని బట్టి డబ్బు తీసుకుంటారు. 'అమ్మేసి అక్కడ కొత్తది కొందాం' అన్నారు. వాడు నాన్నతో ఏమీ అనలేదు. రాత్రి వంటింట్లోకి వచ్చి, 'అమ్మా, అమ్మమ్మ ఇచ్చిన ఆ రోలు ఎంత బరువుంటుంది? నువ్వు అందులో చివరిసారి ఎప్పుడు రుబ్బావు?' అని అడిగాడు.

ఆ రోలు గుంటూరు నుంచి వచ్చింది. అందులో నేను ఆఖరుసారి గోంగూర పచ్చడి రుబ్బినప్పుడు వీడింకా పుట్టలేదు. ఎనిమిది ఇళ్లు మారినా అది ఒక్కసారి కూడా చెత్త కాగితం ఎక్కలేదు. బట్టలారేసుకోవడానికి తప్ప పనికిరాని మావారి ట్రెడ్‌మిల్లూ ఎక్కలేదు. పెద్దవాళ్లం వాడకపోయినా అవి జ్ఞాపకాలు, పిల్లలు రోజూ వాడేవి మాత్రం బరువులు. ఈ లెక్క ఎక్కడిది?

మగవాళ్ల మీదికి తోసేసి ఊరుకుందామంటే కుదరదు. ఇల్లు సర్దేటప్పుడు అర్ధరాత్రి నల్లసంచీ పట్టుకుని పిల్లల గదిలోకి వెళ్లేది మనమే. ఆరో ఇల్లు మారినప్పుడు మా అమ్మాయి పోగుచేసుకున్న రాళ్ల పెట్టె నేనే పారేశాను. వీధిలో ఏరుకొచ్చిన రాళ్లే కదా అనుకున్నాను. దానికి అప్పుడు తొమ్మిదేళ్లు, ఇప్పుడు 22. ఏడవలేదు, అరవలేదు. కానీ ఆ తర్వాత ఇల్లు మారిన ప్రతిసారీ తన పెట్టెలు తనే సర్దుకుని టేపు వేసి, వాటి పక్కనే పడుకునేది. అందుకే నేనంటాను, చెత్త కాగితం మీద ఎవరి వస్తువు పేరు రాయాలన్నా ఆ వస్తువు గలవాళ్ల చేతే రాయించాలి. ఐదేళ్ల పిల్లయినా సరే. డబ్బు లేదా, బరువు ఎక్కువా? ఆ మాట వాళ్లకి చెప్పి, 'నీవాటిలో ఏది వదులుకుంటావు' అని అడగాలి.

అలాగే అడిగాను. వాడు తన సైకిలూ, మంచం, రెండు పెట్టెల పుస్తకాలూ చెత్త కాగితం మీద రాసుకున్నాడు. రాక్ సామాను కాగితం మీదికి వచ్చింది.

ప్రాణమున్న వాటిని సామాను వాళ్లు తీసుకెళ్లరు కనక పాములు మా కారులోనే వచ్చాయి. వారం ముందు నుంచి మేత లేదు, తిన్న వెంటనే కుదిపితే కక్కేస్తాయి. ఒక్కోదాన్ని ఒక్కో దిండు గలీబులో పెట్టి, మూతి ముడేసి, చిల్లులు పెట్టిన థర్మాకోల్ పెట్టెలో ఉంచాడు. గలీబులు నావే, తిరిగి అడగలేదు. వెయ్యి మైళ్ల పైన దారి, రెండు రోజులు. మెంఫిస్ దగ్గర రాత్రి ఆగాం. పెంపుడు జంతువులకి గది ఇస్తారా అని ముందే ఫోన్ చేస్తే ఆవిడ 'కుక్కా, పిల్లా?' అంది. చెప్పాను. కాసేపు ఫోన్లో ఏమీ వినిపించలేదు. 'పెట్టె మూత తీయకండి' అంది చివరికి.

తప్పు రాక్‌లో జరిగింది. ఆ చెక్క పొట్టుతో అదిమి చేసింది. ఒకసారి మేకు తీస్తే ఆ చిల్లు మళ్లీ గట్టిగా పట్టదు. అందుకని వాడు విప్పకుండా మొత్తంగా పంపించాడు. దారిలో దాన్ని పక్కకి పడుకోబెట్టినట్టున్నారు, వెనక పలక ఊడి రాక్ ఒక పక్కకి ఒరిగింది. చూస్తే తెలియదు. అలసిపోయి వాడు వేడి సరిచూశాడు గానీ సందులు చూడలేదు. పొద్దున్నకి మోచా లేదు.

రెండు రోజులు వాడు అన్నం తినలేదు. కొత్త ఇల్లు, అన్నీ విప్పని పెట్టెలు, ఎక్కడని వెతుకుతాం? మావారు ఒక్క మాట కూడా అనలేదు, నేను భయపడింది దానికే. పిండి చల్లితే జాడ పడుతుందని వాడు ఎక్కడో చదివాడట. నా దగ్గర బియ్యప్పిండి డబ్బా ఉంది. రాత్రి దీపాలు ఆర్పే ముందు ప్రతి గుమ్మంలో, గోడల వెంట ముగ్గు గీతలు పోశాను. నా గీతలు తిన్నగా ఉన్నాయని వాడు ఆ ఏడుపు మొహంతోనే మెచ్చుకున్నాడు. మూడో రోజు తెల్లవారుజామున లాండ్రీ గది గుమ్మంలో గీత చెరిగి ఉంది, అవతల వంకరగా ఒక చార. చూసింది మావారు. నేలమీద బోర్లా పడుకుని, ఫోన్ లైటు పట్టుకుని, వాషింగ్ మెషీన్ వెనక నుంచి దాన్ని ఆయనే తీశారు. ఆ పామును ఆయన పట్టుకోవడం అదే మొదటిసారి.

ఆ ఆదివారం తండ్రీకొడుకులు రాక్‌ని మళ్లీ చతురస్రం చేశారు. పాత చిల్లుల్లో జిగురు, పొడుగు మేకులు, వెనక పావు అంగుళం ప్లైవుడ్ పలక మూల నుంచి మూలకి, కింద చక్రాలు. ప్రతి టబ్బు దగ్గరా సందులో కార్డు దూర్చి చూశారు.

రాత్రి ఇదంతా మా అమ్మాయికి ఫోన్లో చెప్పాను. అంతా వింది. 'వాడి పాముల కోసం ఇల్లంతా ముగ్గులు పెట్టావన్నమాట. నా రాళ్లే బరువయ్యాయి నీకు' అంది, నవ్వుతూనే.

'భోంచేశావా?' అని అడిగాను.