సాక్ష్యం సరే, బాకీ మాటేమిటి?

కొంతకాలం క్రితం ఒక ఆదివారం మా పేరాలలో ఆరాధన ముగిసే వేళ ఒక పెద్దమనిషి లేచి సాక్ష్యం చెప్పారు. యౌవనంలో తాగిన తాగుడు, ఆడిన పేకాట, ఇల్లాలిని పెట్టిన బాధలు, అన్నీ వరుసగా, వినేవారికి విసుగు పుట్టనంత రసవత్తరంగా వర్ణించి కంటతడి పెట్టారు. స్త్రీలు కొంగులు కళ్ళకు అద్దుకొన్నారు. "ఇక నా శేషజీవితం సేవకే" అన్నారాయన. వారం తిరగకముందే సంఘ ఎన్నికలలో కోశాధికారి పదవికి ఆయన పేరు వినవచ్చింది. ఆయన నడిపిన చీటీలో డబ్బు పోగొట్టుకొన్న ఒక చేనేత వితంతువు ఆ రోజు అదే ఆరాధనలో వెనుక చాప మీద కూర్చొని ఉన్నది. సాక్ష్యంలో తాగుడు ఉన్నది, పేకాట ఉన్నది. చీటీ మాత్రం లేదు.

ఇది వ్రాసినందుకు నా మీద కోపగించేవారుంటారు. ఉండనీయండి. ఆయన పేరు నేను చెప్పను. ఇటువంటివారు ఒక్క మా సంఘంలోనే ఉన్నారని కూడ అనను.

జీవితమంతా పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి కనుక మాట దగ్గరే మొదలుపెడతాను. పశ్చాత్తాపమంటే తరువాత కలిగే తాపం. తాపానికి చల్లారే గుణం ఉన్నది. ఆదివారం నాటి వేడి సోమవారానికి ఉండకపోవచ్చు. మన తెలుగు బైబిలు అనువాదకులు వాడిన 'మారుమనస్సు' ఇంతకంటె గట్టి మాట. తాపం కాదు, మనస్సే వేరు కావాలి. అయితే ఒక చిక్కున్నది. మారువేషంలో ఉన్నది కూడ ఆ 'మారే'. రెంటికీ తేడా వేదిక మీద తెలియదు, వీధిలో తెలుస్తుంది.

సుంకరి జక్కయ్య కథ ఆదివారం బడి పిల్లలకు కూడ తెలుసు. అతడు తన పాపాల చరిత్ర చెప్పలేదు, లెక్క చెప్పాడు. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకొన్నదానికి నాలుగింతలు. బాప్తిస్మమిచ్చు యోహాను కూడ, ఏం చేయమంటావని అడిగినవారిని ఏడవమనలేదు. సుంకరులకు వసూళ్ళ సంగతి చెప్పాడు, సైనికులకు జులుం సంగతి చెప్పాడు. ఎవరి వృత్తిలో పాపం ఉన్నదో అక్కడే వారి మారుమనస్సును అడిగాడు. చీటీలు నడిపినవాణ్ణి తాగుడు గురించి అడిగి ఏం లాభం?

మాటకు మూల్యం చెల్లించడం మా ఊరికి తెలియని విద్య కాదు. 1921లో చీరాల, పేరాల ప్రజలు మునిసిపాలిటీ పన్ను వద్దన్నారు. అని ఇంట్లో కూర్చోలేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఇళ్ళు విడిచి, ఊరి బయట రామనగరంలో పాకలు వేసుకొని సుమారు పదకొండు నెలలు ఎండావానలు భరించారు.

ఇక మన ప్రాంతపు క్రైస్తవ చరిత్రలోకే వస్తాను. ఒంగోలులో అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొర ఉన్న రోజులు. 1876లో ధాత కరువు వచ్చింది. ఆయన బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం పని గుత్తకు తీసుకొని, ఆకలితో వచ్చిన వేలమందికి కూలి చూపించాడు. పని చేస్తూ, సువార్త వింటూ, బాప్తిస్మం ఇమ్మని అడిగినవారు ఎందరో. ఆయన ఇవ్వలేదు. కరువు సహాయం సాగినంతకాలం, సుమారు పదిహేను నెలలు, ఒక్కరికీ ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారో, మనసు మారి వచ్చారో తేలాలి గదా! సహాయం ఆగిన తరువాత కూడ వారు వచ్చారు. 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆ సంఖ్యను మనవాళ్ళు ఉత్సవాలలో గర్వంగా చెప్పుకొంటారు. దాని ముందున్న పదిహేను నెలలను ఎవరూ చెప్పరు.

వారిలో అత్యధికులు మాదిగలు, ఊరికి దూరంగా ఉంచబడినవారు, డొక్కలెండినవారు. అటువంటివారిని విశ్వాసం కోసం పదిహేను నెలలు ఆగమన్నాము. కడుపు నిండినవాణ్ణి డబ్బుపెట్టె కోసం పదిహేను రోజులు కూడ ఆగమనలేకపోతున్నాము.

"సిలువ మీది దొంగ ఏ బాకీ తీర్చాడు? ఏ సేవ చేశాడు? కృప ఉచితం కాదా మాస్టారూ?" అని ఒక యువకుడు నన్ను అడిగాడు. మంచి ప్రశ్న. కృప ఉచితమే నాయనా. కాని ఆ దొంగ చేతులు మేకులతో కొట్టి ఉన్నాయి, ఈయన చేతులు ఖాళీగా ఉన్నాయి. పైగా ఆ దొంగ తనను జ్ఞాపకం చేసుకొమ్మన్నాడే గాని కోశాధికారిని చేయమనలేదు.

సేవ అన్న మాటకు కూడ ఇదే గతి పట్టింది. పరిచర్య అంటే చుట్టూ తిరుగుతూ చేసే పని. వేదిక మీద కుర్చీలో కూర్చొని చేసేది కాదు. 1842లో గుంటూరు వచ్చి మిషను ప్రారంభించిన హయ్యర్ అయ్యగారు స్వదేశం వెళ్ళి విశ్రాంతిగా ఉండవలసిన వయసులో, 1869లో, రాజమండ్రి మిషను దిక్కులేక పరాధీనం కాబోతున్నదని విని, డెబ్బై అయిదేళ్ళు దాటిన శరీరంతో మళ్ళీ ఓడ ఎక్కారు. మా సంఘంలో సేవకు సిద్ధమన్నవారిని ఆసుపత్రిలో పడి ఉన్న ముసలాయనకు ఒక రాత్రి తోడుండమంటే, బి.పి. ఉన్నదని, ఇంటికి చుట్టాలు వస్తున్నారని అంటారు. కుర్చీలు సర్దడానికి, సమాధి తవ్వించడానికి, చెప్పులు విడిచే చోట ఊడవడానికి ఎన్నికలు జరగవు గనుక పోటీ కూడ లేదు.

నేను కోరేది పెద్ద సంస్కరణ ఏమీ కాదు. సాక్ష్యం చెప్పినవారిని ఆలింగనం చేసుకొందాం, ప్రార్థిద్దాం. పదవి మాత్రం ఒక ఏడాది ఆపుదాం. ఆ ఏడాదిలో బాకీలు తీర్చమందాం, ఊడ్చే పని ఇద్దాం. తాళంచెవి సంగతి తరువాత చూద్దాం. కమిటీలో ఇదే చెబితే, "మీరు విమర్శించే ఆత్మతో మాట్లాడుతున్నారు" అన్నారు. అలాగే కానివ్వండి. లెక్కలు దిద్దేవాడికి ఎర్రసిరా తప్పదు.

ఎన్నిక జరిగింది. ఆయన గెలిచారు. పోయిన ఆదివారం కానుకల సంచి పట్టుకొని వరుసల మధ్య తిరిగారు. వెనుక చాప దగ్గరకు వచ్చేసరికి ఆమె తల ఎత్తకుండా, కొంగుముడి విప్పి పది రూపాయల నోటు అందులో వేసింది.