గోడ గుణమెఱిగి రంగు వేయింపుడు

సంక్రాంతి సమీపించుచున్నది. బరంపురమున తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో ఇండ్లకు రంగులు వేయించు సన్నాహములు సాగుచున్నవి. రంగులమ్మి జీవించు వర్తకుడనైనను, నా లాభమునకు విరుద్ధమైన మాట యొకటి మనవి చేయుచున్నాను. వెల హెచ్చైన రంగు ప్రతి గోడకును మేలైన రంగు కాదు.

మా తాతగారు కట్టించిన ఇంటి గోడలు ఇటుకతోను సున్నపు గచ్చుతోను కట్టినవి. ఏటేట వెల్ల వేయించుటకు విసిగి, ఆరేండ్ల క్రిందట దానిని గీకించి, పుట్టీ పెట్టించి, ఖరీదైన ఎమల్షను వేయించితిని. చూచినవారెల్లరు మెచ్చుకొనిరి. రెండు వర్షాకాలములు గడచునప్పటికి రంగు బుడగలెత్తి పెచ్చులూడెను; లోపలి గచ్చు సైతము పొడియై రాలెను. పనివానిని నిందించితిని గాని తప్పు నాదే. తుదకు రెండింతలు వ్యయపడి మరల సున్నమే వేయించితిని.

కారణము తెలియనిది కాదు. పాత ఇండ్ల పునాదులలో చెమ్మను ఆపు పొర సాధారణముగా ఉండదు. నేలలోని చెమ్మ గోడలోనికి ప్రాకును. సున్నపు పూతలోని సన్నని రంధ్రముల గుండ అది ఆవిరియై పోవును. ఎమల్షను పొర ఆ దారిని మూయును. చెమ్మతో వచ్చిన లవణములు వెనుక పేరుకొని పొరను నెట్టివేయును.

కావున సున్నపు గోడకు సున్నమే తగును. బట్టలకంటునని కొందరందురు, కొంచెము జిగురు కలిపి పలుచగా రెండు మూడు పూతలు వేసినచో ఆ బాధ చాలవఱకు తగ్గును. సిమెంటు గోడకు లోపల డిస్టెంపరో, ఎమల్షనో వేయవచ్చును. వాన తగులు వైపున వెలుపలి ఎమల్షను వేయవలెను. క్రొత్త పూత కనీసము నెల దినములైన ఆరవలెను. తలుపులకు, ఇనుప కమ్మీలకు ఎనామిలు తగును. కారుచున్న కప్పునకు ఏ రంగును మందు కాదు. ముందుగా కప్పును బాగుచేయింపవలెను.

మరియొక ముఖ్య విషయము. 2017 నవంబరు 1 నుండి మన దేశమున గృహములకు వాడు రంగులలో సీసము పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదను నియమము అమలులోనున్నది. అంతకు పూర్వపు తలుపుల రంగులో సీసము హెచ్చుగా ఉండవచ్చును. అది పసివారి మెదడునకు హానికరము. అట్టి రంగును పొడిగా గీకింపక, తడిపి రుద్దింపుడు. పని ముగిసి ధూళి తుడిచివేయువఱకు పిల్లలను, గర్భిణులను దూరముగా ఉంచుడు.

మన పెద్దలు పేదరికముచేతనే వెల్ల వేయించిరని తలంపరాదు. ఆ గోడలకది తగియుండెను. ఇకమీదట నా అంగడికి వచ్చువారిని, ఏ రంగు కావలెనని గాక, ఏ గోడయని మొదట అడుగుదును. మీరును మీ వర్తకునకు ఆ మాటయే ముందు చెప్పుడు.