అడగండి, చెబుతాను: అమ్మమ్మకు ఎలాంటి కర్ర?

ఈ నెల వచ్చిన జాబుల్లో ఏడో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి జాబు చాలా పెద్దది. ప్రశ్న చిన్నదే కాని, దాని వెనక ఇంట్లో ఒక తగువు వున్నది. అందుచేత ఈసారి చోటంతా దాదాపు దానికే ఇచ్చేస్తున్నాను. ఆ అమ్మాయి ఇలా రాసింది:

"వేసవి సెలవుల్లో మేమందరం కేదారనాథ్ వెళుతున్నాం. గౌరీకుండ్ దగ్గర బస్సు దిగినాక కొండదారి అంతా నడిచే వెళ్ళాలని అమ్మమ్మ పట్టుపట్టింది. గుర్రం ఎక్కదట, డోలీ ఎక్కదట. అమ్మమ్మకు మెట్లు దిగేటప్పుడు మోకాళ్ళు నొప్పిపెడతాయి. చేతికర్ర పట్టుకోమంటే, 'కర్ర పడితే ముసలిదాన్ని అయిపోయినట్టే, నాకేం ఖర్మ!' అంటుంది. బాబాయేమో కొండలెక్కేవాళ్ళు వాడే మడతకర్రలు రెండు కొందామంటాడు. నాన్నేమో అది దండగ ఖర్చు, అక్కడ అమ్మే వెదురుకర్ర చాలంటాడు. అసలు కర్ర వల్ల మోకాలికి లాభం వుందా? వుంటే ఏ కర్ర మంచిది?"

లాభం వున్నదమ్మా. నా మాట నమ్మనక్కరలేదు, నువ్వే చేసి చూడు.

నిలబడి బరువు చూసుకునే యంత్రం మీ ఇంట్లో వుంటే సరే, లేకపోతే తెలిసినవాళ్ళ ఇంట్లో అడుగు. దాని మీద నిలబడు. 36 కిలోలు చూపించిందనుకుందాం. ఇప్పుడు ఒక కర్ర తీసుకుని, యంత్రం మీద కాకుండా పక్కన నేల మీద ఆనించి, చేత్తో గట్టిగా కిందికి నొక్కు. యంత్రం 32 అనో 31 అనో చూపిస్తుంది. నీ బరువు తగ్గిందా? ఎక్కడికి తగ్గుతుంది! ఆ నాలుగైదు కిలోలూ నీ భుజం మీదుగా, చేతి మీదుగా, కర్రలోంచి నేలకు చేరినై. కాళ్ళ మీద మిగిలింది 32 కిలోలే. చేతికర్ర చేసే పనిలో సగం ఇదే.

కాని ఈ పని కొండ ఎక్కేటప్పటి కంటె దిగేటప్పుడు ఎక్కువ అవసరం. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, ఆగితే తీరిపోతుంది. దిగేటప్పుడు ఆయాసం వుండదు కనక మనిషి ఆగడు, గబగబా దిగిపోతాడు. మర్నాడు కాలు కదపలేడు. ఇందుకు కారణం తొడలో వున్నది. మెట్టు ఎక్కేటప్పుడు తొడ కండరం ముడుచుకుని శరీరాన్ని పైకి లాగుతుంది. మెట్టు దిగేటప్పుడు అదే కండరం సాగుతూ, సాగుతూనే బరువును పట్టి వుంచాలి. నిండు బాల్చీని మేడ మీది నుంచి తాడుతో కిందికి దించడం ఎప్పుడైనా చూశావా? తాడు ఒక్కసారిగా జారకుండా పట్టి పట్టి వదలాలి. అరచేతులు మండిపోతాయి. దిగేటప్పుడు తొడ కండరం చేసే పని అటువంటిది. ఆ సమయంలో మోకాలు వంగి వుంటుంది కనక మోకాటిచిప్ప వెనక పడే ఒత్తిడి శరీరం బరువుకు కొన్ని రెట్లు వుంటుంది. మీ అమ్మమ్మగారికి మెట్లు ఎక్కేటప్పుడు కాక దిగేటప్పుడు నొప్పి వస్తున్నదని రాశావే, అందులో వింత లేదు.

దీన్ని శాస్త్రజ్ఞులు కొలిచి చూశారు. 1999లో అచ్చయిన ఒక పరిశోధనలో ఎనిమిది మంది మనుషులను 25 డిగ్రీల వాలు మీద, మొదట వట్టి చేతులతోను, తరవాత రెండు కర్రలతోను దింపారు. 25 డిగ్రీలంటే బాగా నిటారు వాలే. కర్రలు వున్నప్పుడు మోకాలి మీద పడే బలాలు నూటికి 12 నుంచి 25 వంతుల దాకా తగ్గినై.

కొంచెమే కదా అనుకోకు. గౌరీకుండ్ సముద్రమట్టానికి సుమారు 1,980 మీటర్ల ఎత్తున వున్నది. కేదారనాథ్ సుమారు 3,580 మీటర్ల ఎత్తున. 2013 జూన్ వరదల్లో పాత దారి కొట్టుకుపోయిన తరవాత మందాకినీ నదికి అవతలి వైపుగా కొత్త దారి వేశారు. ఇప్పుడు నడక సుమారు 16 కిలోమీటర్లు. అంగకు 60 సెంటీమీటర్ల చొప్పున లెక్క కట్టు. తిరిగి దిగివచ్చేటప్పుడు ఇరవై ఆరువేల పైచిలుకు అంగలు పడతాయి. అంగకు రెండేసి కిలోలే కర్ర మీదికి పోయినా, అన్నీ కలిపితే 52,000 కిలోలు! యాభై కిలోల బియ్యం బస్తాలు వెయ్యికి పైన. ఈ లెక్క నోటితో చెబితే అమ్మమ్మగారు నవ్వి వూరుకుంటారు. కాగితం మీద వేసి చూపించు.

కర్ర చేసే రెండో సగం పని ఇంకా తమాషా అయినది. ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకో. పక్కన ఎవరినైనా వుంచుకో సుమా. కాసేపట్లోనే వూగిపోతావు. ఇప్పుడు ఒక్క వేలు గోడకు తాకీ తాకనట్టు ఆనించి మళ్ళీ మూసుకో. వూగడం చాలావరకు తగ్గుతుంది. ఆ వేలు నీ బరువు మొయ్యడం లేదు. నువ్వు ఎటు ఒరుగుతున్నావో మెదడుకు కబురు చెబుతున్నది, అంతే. కర్ర కూడా అలాగే, కాలు పెట్టబోయే చోటు గట్టిదో, జారేదో, రాయి కదులుతుందో ముందే చేతికి చెబుతుంది.

ఇక "ముసలిదాన్ని అయిపోయినట్టే" అన్న మాట. మన పల్లెల్లో మందవెంట తిరిగే గొల్లకుర్రవాడు కర్ర లేకుండా అడుగు వేస్తాడా? వాడు ముసలివాడా? నేపాలులో వీపున బుట్టలతో, నుదుటి పట్టీతో సరుకులు మోసే కూలీలు వున్నారు. వాళ్ళను తూచి చూసిన పరిశోధన 2005లో వచ్చింది. మగవాళ్ళు సగటున తమ శరీరం బరువులో నూటికి 93 వంతుల బరువు మోస్తున్నారట! వాళ్ళ చేతిలో టోక్మా అనే పొట్టికర్ర వుంటుంది. దాని తల ఇంగ్లీషు 'టీ' అక్షరంలా వుంటుంది. నడిచేటప్పుడు అది చేతికర్ర. ఆగినప్పుడు బుట్టను దాని మీద ఆనించి నిలబడే అలసట తీర్చుకుంటారు. వాళ్ళంత బలమైన కాళ్ళు మనలో ఎందరికి వున్నాయి? వాళ్ళకు లేని సిగ్గు మనకెందుకు? అమ్మమ్మగారితో ఈ మాట కాస్త మెల్లిగా చెప్పు.

సరే, ఇక మీ నాన్నగారికి, బాబాయిగారికి తగువు తీర్చాలి. నేను సగం సగం తీర్పు చెబుతాను.

వెదురుకర్రలో ఒక గొప్ప సుగుణం వున్నది. దానికి పిడి వుండదు. పొడుగైనది తీసుకుంటే ఎక్కేటప్పుడు కిందికి, దిగేటప్పుడు పైకి చెయ్యి మార్చి పట్టుకుంటే చాలు. మడతకర్రలో మరలూ మీటలూ పెట్టి సాధించినదంతా వెదురుకర్రలో చెయ్యి జరిపితే వస్తుంది. కాని కర్ర చూసి కొనాలి. చీలిక వున్నదా అని కణుపు కణుపునా వేలితో తడివి చూడు. నేలకు ఆనించి, నెమ్మదిగా బరువు మోపి, కిర్రుమంటుందేమో విను. లోపల గుల్ల తక్కువగా వున్న గట్టి వెదురైతే మంచిది. కొసకు పొన్ను, అంటే ఇనపతొడుగు, వుంటే చివర చీలిపోదు. పొన్నుకర్ర అని మన పెద్దలు అనేది దాన్నే.

మడతకర్రలు తేలిక. అల్యూమినియంతో చేసినవి, కార్బన్ నారతో చేసినవి అని రెండు రకాలు. కార్బన్ కర్ర ఇంకా తేలిక, ఖరీదు కూడా ఎక్కువ. కాని రాళ్ళ మధ్య ఇరుక్కుని పక్కనుంచి దెబ్బ తగిలిందా, పుటుక్కున విరుగుతుంది. అల్యూమినియం కర్ర చాలావరకు వంగి వూరుకుంటుంది, వంగినదానితో ఎలాగో ఇల్లు చేరవచ్చు. నా మట్టుకు నేను అల్యూమినియందే కొంటాను. ముక్కలు బిగించే ఏర్పాటు కూడా చూడాలి. తిప్పి బిగించేవి కొన్ని, మీట నొక్కి బిగించేవి కొన్ని. పెద్దవాళ్ళకు మీటదే నయం, బిగిసిందో లేదో కంటికి కనిపిస్తుంది. ఏదైనా సరే, ప్రతి ఉదయం బయలుదేరే ముందు బరువు మోపి పరీక్షించాలి. దారిలో అంగ వేసేటప్పుడు కర్ర లోపలికి కుంగిపోతే, కర్ర లేకపోవడం కంటె అది ప్రమాదం.

మోకాళ్ళు రెండూ నొప్పి కనక, అమ్మమ్మగారికి మాత్రం రెండు మడతకర్రలే కొనండి. ఇంటిల్లిపాదికీ అవే కొంటే నిజంగా దండగ. నీకు, నాన్నగారికి వెదురుకర్ర చాలు. తగువు తీరింది కదా?

పొడుగు ఎంత వుండాలంటే, కర్రను పాదం పక్కన నిలబెట్టి పిడి పట్టుకున్నప్పుడు మోచెయ్యి మూలమట్టం లాగా, 90 డిగ్రీలు, వంగాలి. అమ్మమ్మగారు 150 సెంటీమీటర్ల ఎత్తు వుంటే కర్ర సుమారు ఒక మీటరు. అది చదును నేలకు. ఎక్కేటప్పుడు ఐదు నుంచి పది సెంటీమీటర్లు తగ్గించాలి, దిగేటప్పుడు అంతే పెంచాలి. చాలామంది కర్రలు కొని కూడా ఈ పని చెయ్యరు, దారంతా ఒకటే పొడుగుతో నడిచి, లాభం లేదంటారు.

పిడికి ఒక పట్టీ వుంటుంది. దానిలో చెయ్యి పైనుంచి దూర్చకూడదు. కిందనుంచి పైకి దూర్చి, తరవాత పట్టీతో సహా పిడిని పట్టుకోవాలి. అప్పుడు మణికట్టు బరువు పట్టీ మీద ఆనుతుంది. వేళ్ళతో పిడిని గట్టిగా పిసకనక్కరలేదు. ఇది కాగితం మీద చదివితే తికమకగానే వుంటుంది, చేతిలో కర్ర పట్టుకుంటే క్షణంలో తెలుస్తుంది.

నడక సంగతికి వస్తే, కుడికాలితో పాటు ఎడమచేతి కర్ర, ఎడమకాలితో పాటు కుడిచేతి కర్ర. మామూలుగా మనం చేతులు వూపేది ఇలాగే కనక కాసేపటికి దానంతట అదే వస్తుంది. ఎక్కేటప్పుడు కర్రను మరీ ముందుకు విసరకుండా పాదం దగ్గరే మోపి వెనక్కి నెట్టాలి. దిగేటప్పుడు కర్ర ముందు, కాలు తరవాత. మెట్టు లోతైనదైతే రెండు కర్రలూ కింది మెట్టు మీద మోపి, బరువు వాటికి కొంత అప్పగించి, అప్పుడు కాలు దించాలి. ఒకటే కర్ర వున్నవాళ్ళు నొప్పి ఎక్కువగా వున్న మోకాలికి ఎదుటి వైపు చేత్తో పట్టుకోవాలి. కుడి మోకాలు నొప్పైతే ఎడమచెయ్యి. నూటికి తొంభై మంది దీన్ని తలకిందులు చేస్తారని నా అనుమానం. రాళ్ళు పరిచిన దారి మీద కొసకు రబ్బరు టోపీ వుంచండి, బురదలో తీసెయ్యండి.

ఆ దారిలో గుర్రాలు, కంచరగాడిదలు వరసగా వస్తూ పోతూ వుంటాయి. అవి వచ్చినప్పుడు కొండగోడ వైపుకు తప్పుకోవాలి, లోయ వైపుకు ఎన్నడూ తప్పుకోకూడదు. కర్రలు రెండూ దగ్గరకు చేర్చి, కొసలు కిందికి పెట్టి నిలబడండి. నువ్వు కర్ర తిప్పుతూ నడిచావంటే వెనకవాళ్ళ కన్ను పోతుంది జాగ్రత్త.

కర్ర పనికిరాని చోట్లు కూడా వున్నాయి. చేతులతో పట్టుకుని పాకవలసిన రాతి మీద అది అడ్డం. 2014లో ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ రాయి ఎక్కడం నేర్చుకున్నది భువనగిరి కొండ మీద. అటువంటి ఏకశిల మీద చేతులు ఖాళీగా వుండాలి, కర్ర వీపుకు కట్టుకోవలసిందే. ఇంకో సంగతి. కేదారనాథ్ ఎత్తున గాలి పలచన, మనం పీల్చేదానిలో ఇంచుమించు మూడింట రెండు వంతులే. కర్ర మోకాలికి సాయపడుతుంది కాని వూపిరికి కాదు. తలనొప్పి, వాంతి వస్తే ఇంకా పైకి ఎక్కకుండా ఆగాలి, తగ్గకపోతే కిందికి దిగాలి. బయలుదేరే ముందు అమ్మమ్మగారి మోకాళ్ళు, గుండె డాక్టరుకు చూపించండి. కర్రలు నెలరోజులు ముందే కొని, రోజూ సాయంత్రం వీధిలో, మేడమెట్ల మీద అలవాటు చేయించు. కొత్త కర్రతో కొత్త కొండ ఎక్కకూడదు.

ఇంకొక చిన్న ప్రశ్న మిగిలింది. "1953లో టెన్సింగ్ ఎవరెస్టు మీద నిలబడిన ఫొటోలో ఆయన చేతిలో వున్నది కర్రా, గొడ్డలా?" అని ఒక అబ్బాయి అడిగాడు. రెండూనోయ్. పూర్వం ఆల్ప్సు కొండల్లో ఇనపకొస వున్న పొడుగాటి కర్రలు పట్టుకుని తిరిగేవారు. 1786లో మోఁ బ్లాఁ శిఖరం మొదట ఎక్కిన బల్మా, పకార్ అనే ఇద్దరి చేతుల్లోనూ అవే వున్నాయి. మంచులో మెట్లు తవ్వడానికి వేరే గొడ్డలి మొయ్యవలసి వచ్చేది. పందొమ్మిదో శతాబ్దంలో ఆ రెంటినీ కలిపి ఒకే పనిముట్టు చేశారు. టెన్సింగ్ ఎత్తి పట్టుకున్నది ఆ మంచుగొడ్డలే. దానికి ఐక్యరాజ్యసమితి, బ్రిటను, నేపాలు, భారతదేశాల జెండాలు కట్టి వున్నాయి.