నూరు మీటర్ల లోపల కాపురాలు

ఒంటిమిట్ట అనగానే ఇప్పుడు రాష్ట్రమంతా తలుచుకునేది చైత్ర మాసంలో పున్నమి వెన్నెల రాత్రి జరిగే సీతారాముల కల్యాణం. రాష్ట్రం విడిపోయి భద్రాచలం తెలంగాణలో ఉండిపోయాక, 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పట్టువస్త్రాలూ తలంబ్రాలూ ఇక్కడికే తెస్తోంది. అదే ఏడాది గుడి తిరుమల తిరుపతి దేవస్థానాల చేతికి వచ్చింది. ఆ ఒక్క రాత్రి గురించి పత్రికలు, టీవీలు చెప్పాల్సిందంతా చెబుతాయి. తక్కిన రోజుల్లో పొద్దున్నే వాకిట్లో కసువు చిమ్మి, కళ్ళాపి చల్లి, గోపురం వైపు తిరిగి ఒక దండం పెట్టుకొని పనుల్లో పడే ఇళ్ళ సంగతి ఎవరికీ పెద్దగా పట్టదు. ఆ ఇళ్ళ గోడ, కప్పు, వసారా ఎలా ఉండాలో చెప్పే చట్టం ఒకటి ఢిల్లీలో ఉంది. అది మంచిదా చెడ్డదా అన్నది తేలిగ్గా తేలే లెక్క కాదు.

ఒంటిమిట్ట కోదండరామాలయం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. ఇలాంటివి దేశంలో సుమారు 3,700 ఉన్నాయి. 1958లో వచ్చిన పురాతన కట్టడాల చట్టం, 1992 జూన్ 16న ఇచ్చిన నోటిఫికేషన్, 2010లో పార్లమెంటు చేసిన సవరణ, ఈ మూడూ కలిసి చెప్పేది ఇది: రక్షిత ప్రాంతం హద్దు నుంచి 100 మీటర్ల దాకా నిషిద్ధ ప్రాంతం, ఆ పైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మొదటి దాంట్లో కొత్తగా ఏమీ కట్టకూడదు. రెండో దాంట్లో అనుమతి తీసుకొని కట్టుకోవచ్చు. కాదని కడితే రెండేళ్ళ దాకా జైలు, లేదంటే లక్ష రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ.

100 మీటర్లంటే ఎంతలే అనిపిస్తుంది. గుడి హద్దు ఒక్కో వైపు 100 మీటర్లున్న చతురస్రం అనుకొని లెక్క వేస్తే, నిషిద్ధ ప్రాంతంతో కలిపి దాదాపు 20 ఎకరాలు అవుతుంది. నియంత్రిత ప్రాంతం కూడా చేరిస్తే నూరు ఎకరాలు దాటుతుంది. ఎర్రకోట చుట్టూ ఇదే కొలత, ఒంటిమిట్ట చుట్టూ ఇదే కొలత. మహానగరంలో అది కొన్ని వీధులు. మన మండల కేంద్రాల్లో దాదాపు పాత ఊరంతా.

చట్టం అడ్డుపడేది ఎక్కడో తెలియాలంటే ఈ సీమలో పాత ఇల్లు ఎలా కట్టేవారో చూడాలి. రాతిగోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద కట్టెలు పరిచి బంకమన్ను మెత్తి, పైన చౌడు మన్ను పోస్తారు. అదే మన్ను మిద్దె. వెలుతురు దిగడానికి, పొగ పోవడానికి మధ్యలో ఒక గవాచి. కింద నాపబండలు. ఎండాకాలం ఆ పడసాలలో పడుకున్నవాళ్ళకు ఫ్యాను అవసరం కూడా తక్కువే. కానీ ఏటా వానలకు ముందు చౌడు వేయకపోతే మిద్దె కారుతుంది. కారిన చోట కట్టె నానుతుంది, నానిన కట్టెకు చెదలు పడతాయి. దూలం ఒక్కటి కుంగిందంటే ఇల్లంతా మళ్ళీ కట్టుకోవడం తప్ప దారి లేదు. ఇప్పుడు చౌడు మోసే మనుషులూ తక్కువే, దంతె బిగించే పనివాళ్ళూ తక్కువే.

చట్టం దగ్గర చిక్కు సరిగ్గా ఇక్కడే పడుతుంది. 1992 జూన్ 16కు ముందే ఉన్న ఇల్లయితే మరమ్మతుకు అనుమతి అడగవచ్చు. మరమ్మతు అంటే ఉన్న కట్టడంలో మార్పులు చేసుకోవడం మాత్రమే. పడగొట్టి, అవే కొలతల్లో, అంతే ఎత్తులో తిరిగి లేపడం చట్టం భాషలో పునర్నిర్మాణం. నిషిద్ధ ప్రాంతంలో ఆ సౌకర్యం లేదు. మరి చెదలు తిన్న మన్ను మిద్దె దించి సిమెంటు స్లాబు వేస్తే అది మరమ్మతా, పునర్నిర్మాణమా? ఇంటాయనకు ఒకలా కనిపిస్తుంది, కాగితం చూసే అధికారికి ఇంకోలా కనిపిస్తుంది. "మా తాత కట్టిన ఇంటికి కప్పు ఏసుకునేదానికి నేను ఎవుర్ని అడగాలన్నా?" అని ఆ వీధిలో మనిషి అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. పూజలూ ఉత్సవాలూ దేవస్థానానివి, రాళ్ళ బాగోగులు పురావస్తు శాఖవి, వీధి పంచాయతీది, ఇంటి అనుమతి వీళ్ళెవరిదీ కాకుండా వేరే అధికారిది. దరఖాస్తు అక్కడి నుంచి ఢిల్లీలోని జాతీయ స్మారక ప్రాధికార సంస్థకు వెళ్ళి, సిఫారసుతో తిరిగి రావాలి. సంస్థకు రెండు నెలలు, ఆ తర్వాత అధికారికి ఒక నెల అని చట్టమే గడువు పెట్టింది. దూలం ఆ గడువు చూసుకొని కుంగదు.

ఇల్లంటే కప్పూ గోడలూ మాత్రమే అయితే ఎలాగో నెట్టుకు రావచ్చు. ఇంట్లో ఇద్దరు కొడుకులుంటే భాగాలు పంచాలి. పెద్దోడికి పెళ్ళైతే ఒక గది కావాలి. అత్తకు మోకాళ్ళ నొప్పులు, దొడ్లోకి నడవలేదు, ఇంట్లోనే బాత్రూం కావాలి. ఊళ్ళలో దీనికి అందరికీ తెలిసిన మార్గం పైన ఒక అంతస్తు వేసుకోవడం. అది కుదరదు కాబట్టి చిన్నోడు హైవే పక్క ప్లాటు కొనుక్కుంటాడు, లేదా కడపలో బాడుగకు దిగుతాడు. పాతింట్లో ముసలివాళ్ళు మిగులుతారు. బ్యాంకులో ఇంటి లోను అడిగితే మంజూరైన ప్లాను తెమ్మంటారు. చట్టం ఎవరినీ వెళ్ళిపొమ్మని అనదు. ఒకరి తర్వాత ఒకరు తమంతట తామే వెళ్ళేలా చేస్తుంది.

ఇంతవరకు విన్నవాళ్ళు ఈ నిబంధన పీకి పారేయమంటారు. నేను అలా అనలేను.

ఒంటిమిట్ట గుడిలోని 32 స్తంభాల మండపంలో నిలబడి, రామాయణ, భాగవత కథలు చెక్కిన రాతిని దగ్గరగా చూసినవాళ్ళకు కారణం వేరే చెప్పనక్కర్లేదు. 1652లో ఈ దారిన వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ ఈ గుడిని మెచ్చుకున్నాడు. గుడి పాడుబడిన రోజుల్లో వావిలికొలను సుబ్బారావు గారు, ఆంధ్ర వాల్మీకి అని పేరు పొందిన పండితుడు, టెంకాయ చిప్ప చేతబట్టి ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చిన డబ్బుతో దీన్ని బాగు చేయించారు. అలా నిలబెట్టుకున్న రాయి ఇది. శ్రీకాళహస్తిలో 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010 మే 26 రాత్రి కుప్పకూలింది. అక్కడ ఇప్పుడున్నది 2017లో పూర్తయిన కొత్త గోపురం. పాతది ఇక రాదు. పక్కన లోతుగా పునాదులు తవ్వడం, బోర్లు దించడం, మురుగునీరు అడుగున చేరడం వందల ఏళ్ళ కట్టడాలకు మంచి చేయవని ఇంజినీరు చెప్పాల్సిన పని లేదు, తాపీమేస్త్రీని అడిగినా చెబుతాడు.

ఇంకో మాట కూడా ఉంది. ఈ వాదనలో ఎక్కువ బరువు దీనికే ఇస్తాను. రేపు పొద్దున ఆ 100 మీటర్ల నిషేధం ఎత్తేస్తే అక్కడ ముందుగా కట్టేది ఎవరు? చెదలు తిన్న దూలం కింద కాపురం చేస్తున్న కుటుంబం కాదు. ఏటా ప్రభుత్వమే పండగ చేసే ఊరు, తిరుపతి పోయే దారిలో కడపకు 25 కిలోమీటర్లు, ప్రతి యాత్రికుడూ ఆగే చోటు. గుడి ఎదుట సెంటు స్థలం దొరికితే లాడ్జీ కట్టడానికి బయటి డబ్బు సిద్ధంగా ఉంటుంది. ముసలి తల్లిదండ్రులు, కడపలో ఒకడు, బెంగళూరులో ఒకడు ఉన్న కొడుకులు ఆ ధర ముందు ఎన్నాళ్ళు నిలబడతారు? అంటే ఇన్నాళ్ళూ ఆ కుటుంబాన్ని ఇబ్బంది పెట్టిన చట్టమే, ఆ స్థలానికి ధర రాకుండా ఆపి, ఆ కుటుంబాన్ని అక్కడ ఉంచింది కూడా. నిషేధం పూర్తిగా తీసేస్తే ముందు గోపురం కనపడకుండా పోతుంది, ఆ వెంటనే పాత వీధి పోతుంది.

వీధి పోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరం వెళ్ళనక్కర్లేదు. తిరుమల మాడవీధుల్లో ఒకప్పుడు తరతరాల కాపురాలుండేవి. మాస్టర్ ప్లాను పేరుతో వాటిని ఖాళీ చేయించారు. భక్తుల రద్దీకి అది తప్పలేదని చెప్పేవాళ్ళున్నారు, ఆ మాటలో నిజమూ ఉంది. కానీ ఈ రోజు అక్కడ వాహన సేవ చూడటానికి వచ్చేవాళ్ళంతా యాత్రికులే, తన వాకిట్లో నిలబడి హారతి ఇచ్చే ఇల్లాలు లేదు. హంపి బజారులో 2011 జూలైలో పురాతన మండపాల్లో ఉంటున్న కుటుంబాలను తీసేశారు. రాళ్ళు శుభ్రపడ్డాయి, బజారు మాత్రం మళ్ళీ బజారు కాలేదు. శ్రీరంగంలో దీనికి భిన్నంగా చూస్తాం. బయటి ప్రాకారాల మధ్య ఇళ్ళు, అంగళ్ళు, బళ్ళు అన్నీ ఉన్నాయి. ఇరుకు ఉంది, గోల ఉంది, గుడి వైపు వెళ్ళే దారిలో కరెంటు తీగలు వేలాడతాయి. అయినా ఆ ఆలయానికి 2017లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. మనుషులుండే చోట గుడి పాడవుతుందన్న మాట అన్నిచోట్లా నిజం కాదు.

ఒంటిమిట్టలో ఊరూ గుడీ ఎంత కలిసి ఉంటాయో బ్రహ్మోత్సవాల్లో తెలుస్తుంది. స్వామి వీధికి వస్తే టెంకాయ కొట్టేది, పానకం పంచేది, ఎండలో నడిచొచ్చినవాళ్ళకు అరుగు మీద చోటిచ్చి మంచినీళ్ళు ఇచ్చేది వీధిలో ఉన్నవాళ్ళే. గుడి దగ్గర ఇమాంబేగ్ అనే ముస్లిం అధికారి తవ్వించాడని చెప్పుకునే బావి ఉంది. ఈ రాముణ్ణి నమ్మే ముస్లిం కుటుంబాల గురించి ఇక్కడ ఎవరూ వింతగా మాట్లాడరు. ఇది ఏ శాఖ జీవో ఇచ్చి తయారు చేయగలిగింది కాదు, పక్కపక్కన ఇళ్ళుంటేనే నిలుస్తుంది.

న్యాయంగా చూస్తే చట్టంలో ఉన్న పక్షపాతం కూడా చెప్పాలి. వీధి కాలువలు, ప్రజల మరుగుదొడ్లు, నీటి పథకాలు, కరెంటు పనులు నిర్మాణం నిర్వచనంలోకి రావు. సర్కారు ఊరికి చేసే పనికి మినహాయింపు ఉంది. ఇంటావిడ తన దొడ్లో కట్టుకునే బాత్రూంకు లేదు. కల్యాణానికి జనం పెరిగారని ప్రాకారం బయట విడిగా పెద్ద వేదిక కట్టారు. మంచి పనే, గుడి మీద భారం తగ్గింది. సర్కారుకు వేరే స్థలం చూసుకునే వెసులుబాటు ఉంది. మూడు సెంట్లలో ముగ్గురు అన్నదమ్ములున్న ఇంటికి అది లేదు.

అందుకే నా తీర్పు రెండు ముక్కలుగా ఉంటుంది. ఎత్తు విషయంలో పురావస్తు శాఖ పక్షాన నిలబడతాను. గోపురానికి అడ్డొచ్చే అంతస్తు ఎవరిదైనా సరే రాకూడదు, లాడ్జీది అసలే రాకూడదు. కప్పు, గోడ, బాత్రూం విషయంలో ఇంటివాళ్ళ పక్షాన నిలబడతాను. ఉన్న కొలతల్లో, ఉన్న ఎత్తులో తిరిగి కట్టుకునే హక్కు ఆ పాత కుటుంబాలకు ఉండాలి. దానికి పార్లమెంటు చట్టాన్ని సవరించాలి. అది కోరడం అత్యాశ కాదు. దేశమంతా ఒకే కొలతతో 100, 300 మీటర్లు గీయడం వల్ల జనం ఇబ్బంది పడుతున్నారని, దాన్ని హేతుబద్ధం చేయాలని 2023లో పార్లమెంటు స్థాయీ సంఘమే సిఫారసు చేసింది.

సందు ఇస్తే దుర్వినియోగం చేస్తారన్న భయం ఉత్తిది కాదు. పాత ఇంటి పేరు చెప్పి నాలుగడుగులు ముందుకు జరిపేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. దీనికి మందు నిషేధం కంటే కొలత. గ్రామాల్లో ఇళ్ళను డ్రోన్లతో కొలిచే స్వామిత్వ పథకం 2020 నుంచి దేశంలో నడుస్తోంది. గుడి చుట్టూ ఉన్న ప్రతి ఇంటి పొడవు, వెడల్పు, ఎత్తు ఫొటోలతో సహా ఒకసారి రికార్డు చేస్తే, తర్వాత ఎవరు ఎంత జరిపారో ఎవరైనా చూడవచ్చు.

చట్టం మారేలోపు చేయదగినవి కూడా ఉన్నాయి. ప్రతి రక్షిత కట్టడానికీ ఆ చోటికి తగిన ప్రత్యేక నియమావళి రాయాలని 2010 సవరణే చెప్పింది. నిషేధాన్ని ఆ నియమావళి ఎత్తేయలేదు గానీ, ఏది మరమ్మతో, ఏ వీధిలో ఎంత ఎత్తు చెల్లుతుందో, ఏ రంగు, ఏ కప్పు కుదురుతుందో తేల్చి చెప్పగలదు. ఒంటిమిట్ట మాట వచ్చినప్పుడు ఆ కాగితం తెలుగులో ఉండాలి, పంచాయతీ గోడ మీద అంటించి ఉండాలి. మండల కార్యాలయంలో నెలకొక రోజు అధికారి కూర్చొని మరమ్మతు దరఖాస్తులు అక్కడికక్కడే తీసుకోవాలి. మన్ను మిద్దెను మన్ను మిద్దెగానే నిలుపుకుంటానన్న కుటుంబానికి చౌడుకూ దంతెలకూ అయ్యే ఖర్చులో దేవస్థానం కొంత భరించినా తప్పు లేదు. ఆ వీధి అందం యాత్రికుడికి కూడా కావాలి కదా.

గుడి చుట్టుపక్కల వీధుల్లో ఉంటున్నవాళ్ళకు ఒక్క మనవి. ఈసారి గ్రామసభ జరిగినప్పుడు కాలువల సంగతి, వీధి దీపాల సంగతి మాట్లాడాక ఈ సంగతి కూడా లేవనెత్తండి. ఎవరి ఇల్లు 1992కు ముందుదో, ఎవరి కప్పు కారుతోందో జాబితా రాసి, తీర్మానం చేసి, కలెక్టరుకూ పురావస్తు శాఖకూ పంపండి. మీరు రాసి పంపకపోతే ఆ నియమావళిలో మీ ఇళ్ళ సంగతి ఢిల్లీలో కూర్చున్నవాళ్ళే రాస్తారు.